వెనక కూర్చున్న మనిషి

కెనడాలోని హామిల్టన్‌లో మా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూస్తే దూరంగా స్టీల్ ఫ్యాక్టరీ పొగ కనిపిస్తుంది. ఆదివారం పొద్దున్న కావ్యశ్రీ ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే నేను కాఫీ కప్పు పట్టుకుని ఆ పొగనే చూస్తుంటాను. తన వైపు చూడకుండా ఉండటానికి.

మేం 2019 జనవరి బ్యాచ్‌లో ఇక్కడికి చదువుకోడానికి వచ్చాం. నాది ఒంగోలు, తనది ఖమ్మం. ఒకే కాలేజీ, ఒకే బస్సు. నాకు వేర్‌హౌస్‌లో, తనకి కాఫీ షాపులో పార్ట్‌టైం పని. పెళ్లి కూడా ఇక్కడే చేసుకున్నాం. ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ వచ్చిన రోజు తను ఒక్కటే అడిగింది.

"ఇన్నేండ్లు బస్సుల కోసం నిలబడ్డం దీక్షిత్. ఒక్కసారి బండి మీద చానా దూరం పోదాం."

అలా బొలీవియా వెళ్ళాం. అక్కడ బైక్ అద్దెకు తీసుకున్నాం. నాలుగు వేల మీటర్ల ఎత్తున, చెట్టన్నది లేని మైదానం. ఎండిన గడ్డి, చల్లటి దుమ్ము వాసన. గంటలకొద్దీ మనిషి కనిపించడు. మాట్లాడుకోవడానికి ఇద్దరి హెల్మెట్లలోనూ ఇంటర్‌కమ్ ఉంది. రెండు రోజులు తను చెవిలో పాటలు పాడుతూనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి ఒక కనుమ ఎక్కుతున్నాం. ఒకచోట వాగు పొంగి రోడ్డంతా బురదైంది. ఇద్దరి బరువుతో బండి జారుతోంది.

"నువ్వు దిగి నడిచి రా. నేను అవతల ఆగుతా," అన్నాను.

తను దిగింది. కాళ్ళతో బురద తన్నుకుంటూ బండి దాటించాను. మోకాళ్ళ దాకా మురికి. అవతలి ఒడ్డుకు చేరేసరికి మబ్బు దిగింది. తెల్లగా, దూదిలాగా. హ్యాండిల్ కూడా సరిగా కనబడలేదు. గాలి ఆగిపోయింది. తడి ఉన్ని వాసన.

బండి వెనక భాగం కిందికి కుంగింది. రెండు చేతులు నా నడుం చుట్టుకున్నాయి.

"పద," అంది కావ్య.

గేరు వేశాను. వంద గజాలు పోయానో లేదో, చెవిలో ఇంటర్‌కమ్ గరగరలాడింది.

"దీక్షిత్, ఎక్కడున్నవ్? నాకేం కనిపిస్తలేదు."

బ్రేకు నొక్కాను.

"కావ్యా... నువ్వు ఎక్కలేదా?"

"ఇంకా వాగు కాడనే ఉన్న. బురదల కాలు ఇరుక్కుంది. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

నడుం చుట్టూ చేతులు అలాగే ఉన్నాయి.   మెల్లగా తల తిప్పాను. అదే ఎర్ర హెల్మెట్. అదే పసుపు జాకెట్. అద్దం వెనక అవే కళ్ళు.

"ఏమైంది?" అంది.

ఆ మాట ఇంటర్‌కమ్‌లోంచి రాలేదు. నా మెడ వెనకనుంచి వచ్చింది.

 ఒకటే తోచింది.

"మొదటి చలికాలం... బస్‌స్టాప్‌లో... నువ్వు నాకేమిచ్చావ్?"

"ఎడమ చేతి గ్లోవ్."

ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

"దీక్షిత్..." చెవిలో గొంతు వణికింది. "నీ పక్కన ఎవరున్నరు? నా గొంతు లెక్కనే ఉంది..."

నడుం చుట్టూ పట్టు బిగిసింది. "వెనక్కి వెళ్ళకు," అంది వెనకున్న మనిషి, గుసగుసగా.

నేను వెళ్ళాల్సింది. ఒక్కసారి బండి తిప్పి వెళ్ళి చూడాల్సింది. కానీ నా చేతికి తగులుతున్నది ఈమె. ఆ గొంతు, మబ్బులోంచి వస్తున్నది. ఇంటర్‌కమ్ లాగి పారేయబోయాను, హెల్మెట్‌లోంచి ఊడి రాలేదు.

యాక్సిలరేటర్ తిప్పాను.

"బండి చప్పుడు ఇనిపిస్తుంది... ఆగు... నన్ను ఇడిసిపెట్టి పోకు..." అరుపు, ఏడుపు, గరగర. తరవాత ఏమీ లేదు.

చీకటి పడ్డాక కింద ఊళ్ళో లైటు వెలుగులో తను హెల్మెట్ తీసింది. కావ్యే. గడ్డం మీద పుట్టుమచ్చతో సహా. నాకు ఏడుపొచ్చింది. ఎత్తులో గాలి చాలక భ్రమ పడ్డానని నాకు నేనే చెప్పుకున్నాను. ఇక్కడి డాక్టరూ అదే అన్నాడు.

తన బూట్లకి బురద లేదన్న సంగతి డాక్టరుకి చెప్పలేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. నిన్న సాయంత్రం తను స్నానానికి వెళ్ళినప్పుడు నా ఫోన్ మోగింది. తెలియని విదేశీ నంబరు. స్పానిష్‌లో ఎవరో ముసలాయన గబగబా మాట్లాడుతున్నాడు. ఆ ప్రయాణం కోసం నేర్చుకున్న నాలుగు మాటల్లో ఒకటి మాత్రం అర్థమైంది. ఎస్పోసా. అంటే భార్య. మళ్ళీ మళ్ళీ అదే మాట. ఆయన వెనక ఎవరో దగ్గుతున్నారు.

ఫోన్ కట్ చేశాను. బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

తలుపు అవతల నుంచి కావ్య మెల్లగా అడిగింది.

"ఎక్కడి దాకా వచ్చిందట?"