పాలరంగు బంపరు

మంచు ఇంకా విడలేదు. అరకులో సంతకు పోయే బాట పక్కన, దాలినాయుడు పెయింటింగ్ షెడ్డు ముందు తెల్ల మారుతి కారు ఒకటి నిలబడి ఉంది. దానికి ముందూ వెనకా బంపర్లు లేవు. రెండూ లోపల బల్ల మీద నల్లగా, సబ్బునీళ్ళు కారుతూ పడి ఉన్నాయి.

"బాగా రుద్దరా సూరీ! అచ్చులోంచి తీసినప్పటి జిడ్డు దీన్నంటుకునుంటాది. అది పోకపోతే రంగు ఉల్లిపొరలాగ ఊడిపోద్ది," అన్నాడు దాలినాయుడు కొడుకు వెనక నిలబడి.

"రుద్దతన్నాను కదా నాన్నా. సేతులు కొయ్యబారిపోనాయి."

"అయితే ఎల్లి మీయమ్మ పొయ్యి కాడ కూకో. నాను సేసుకుంటాను."

వెనకున్న ఇంట్లోంచి తవిటమ్మ గొంతు వినిపించింది. "పొయ్యి కాడ సోటు లేదు. అంబలి కాగతంది. తండ్రీ కొడుకులు అక్కడే కొట్టుకోండి!"

టీ గ్లాసులు తెస్తున్న కోడలు గంగ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

కొత్తవలస-కిరండూల్ రైలు లైను వేసే రోజుల్లో కంట్రాక్టర్ల జీపులకు రంగులేయడానికి విజయనగరం నుంచి కొండెక్కిన మనిషి దాలినాయుడు. మళ్ళీ దిగలేదు. జీపయినా లారీ అయినా నిలువునా గీకి, నిలువునా రంగేసేవాడు. బండి మొత్తం ఒకే డబ్బా రంగు కాబట్టి దాని పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో రంగు ఉండేది కాదు.

ఇప్పుడు 1987. కొత్త కార్లకు ఇనప బంపర్లు పోయి నల్ల ప్లాస్టిక్ బంపర్లు వచ్చాయి. విశాఖపట్నంలో చూసొచ్చిన వాళ్ళందరికీ బంపరు కూడా కారు రంగులోనే కావాలి. కంపెనీ వేసిన రంగు ఇటు, దాలినాయుడు వేసిన రంగు అటు, మధ్యలో వేలెడు సందు. తేడా ఉంటే దాక్కోవడానికి చోటే లేదు.

ఈ తెల్ల కారు కాఫీ తోటల సర్వేశ్వరరావుది. శుక్రవారం సంతకొచ్చి తీసుకెళ్తానన్నాడు. అది నచ్చితే తమ్ముడి వ్యానూ, బావమరిది కారూ కూడా ఈ షెడ్డుకే పంపుతానన్నాడు.

బంపర్లు ఆరాయి. నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమరు పలచగా కొట్టారు. పొద్దెక్కి మంచు విడేసరికి దాలినాయుడు తెల్లరంగు కలిపి, డబ్బాను కారు డోరు పక్కన పెట్టి, తల వంచి చాలాసేపు చూశాడు. తృప్తిగా తలాడించి కంప్రెసర్ దగ్గరకు వెళ్ళాడు.

రంగు కొట్టే గన్నుకు గాలి గొట్టం తగిలించి వెనక్కి తిరిగేసరికి డబ్బా మీదకు వంగి గంగ కనిపించింది. ఆమె చేతిలో పుల్ల. పుల్ల కొసన నీలం చుక్క.

"ఏటి సేత్తన్నావు?"

గంగ ఉలిక్కిపడింది. చుక్క డబ్బాలో పడిపోయింది.

"తెల్లరంగులో నీలం కలుపుతావేటి! పిచ్చెక్కిందా? ఎవులు కలపమన్నారు నిన్ను?"

"ఎవులూ అన్లేదు మావా..."

"మరేటి?"

గంగ పుల్లను వెనక దాచుకుంది. సూరి పరుగెత్తుకొచ్చాడు. "సెప్పవే గంగా! ఎందుకేసినావు?"

"ఊరికే... సరదాకి."

ఆ మాటతో దాలినాయుడు ముఖం నల్లబడిపోయింది. "సరదాకా! నా జల్మంతా సంపాదించిన పేరు నీకు సరదాగుందా? నానుండగానే నా డబ్బాలో సెయ్యెట్టీసినావు. రేపు నన్ను మూల కూకోబెడతావు. ఇదిగో, ఇయ్యాల్టి నించీ షెడ్డులో అడుగెట్టకు!"

తవిటమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఆడకూతుర్ని అంతలేసి మాటలంటావేటి?"

"నువ్వూరుకో. ఈ గన్ను కింద ఎట్టిన్నాడు నన్ను మోసుకెల్లి కాల్చీండి. అందాకా ఇక్కడ రంగు నాదే!"

ఆ డబ్బా పక్కకు నెట్టి ఇంకోటి కలిపాడు. ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా రెండు బంపర్లకూ తానే కొట్టాడు. చెయ్యి అద్భుతంగా ఆడింది. ఒక్క బొట్టు కారలేదు, ఒక్క గీత పడలేదు.

సూరి మాత్రం తడి బంపరు చూసి నోరు తెరిచాడు. గుమ్మం అవతల నుంచి గంగ వద్దన్నట్టు తల ఊపింది. కళ్ళనిండా నీళ్ళు. సూరికి అప్పుడు ఒక్కసారిగా అంతా అర్థమైంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

శుక్రవారం తెల్లారింది. అల్లం బుట్టలు, చింతపండు మూటలు నెత్తిన పెట్టుకుని కొండల మీంచి జనం సంతకు దిగుతున్నారు. అందరికంటే ముందే లేచిన దాలినాయుడు బంపర్లు తానే బిగించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"సూడరా సూరీ! ఎక్కడైనా సందు కనిపిస్తందేటి? అమ్మకడుపులోంచి దాంతోటే పుట్టినట్టు లేదూ?"

సూరి స్పానర్లు సర్దడం మొదలుపెట్టాడు.

"ఏటిరా, నోట్లో మట్టెట్టుకున్నావా? గంగా! ఇలగ రా. నిన్న నీలం ఏసేద్దామనుకున్నావు. ఇప్పుడు సెప్పు, ఎలగుంది?"

గంగ వచ్చి నిలబడింది. "బాగుంది మావా," అంది. చూపు మాత్రం నేల మీదే ఉంది.

దాలినాయుడు ఆమెను చూశాడు. కొడుకును చూశాడు. బాట మీద పోతున్న ముసలమ్మ ఒకామె కారు వైపు చూసి, పక్కామెను మోచేత్తో పొడిచి నవ్వింది. అతను నడుం మీది చేతులు దించేశాడు.

"తవిటీ!" అని కేకేశాడు. "నువ్వు నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు. సూసి సెప్పు."

తవిటమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కారును చూసింది, మొగుణ్ణి చూసింది. మెల్లగా చెప్పింది. "కారు పాలలాగుంది. బంపరు నెయ్యిలాగుంది."

దాలినాయుడు ముందుకెళ్ళి బంపరు మీద ఒక అరచెయ్యి, కారు మీద ఒక అరచెయ్యి పెట్టాడు. ఎంత చూసినా అతనికి రెండూ ఒకటే.

"ఎన్నాళ్ళ నించి?" అన్నాడు, ఎవరి వైపూ తిరక్కుండా.

గంగే చెప్పింది. "డాక్టరు గారి లేతనీలం కారు కాడ నించి మావా. నువ్వు కలిపింది పసుపు తిరిగిపోనాది. నువ్వు టీకెల్లినప్పుడు ఒక్క నీలం చుక్కేసాను, పసుపు విరిగిపోనాది. ఆ తరవాతొచ్చిన కార్లన్నిటికీ..."

డాక్టరు గారు ఆ రోజు రంగు మెచ్చి దాలినాయుడి చెయ్యి పట్టుకుని ఊపిన సంగతి అరకంతా తెలుసు. తెలియని వాళ్ళకు దాలినాయుడే చెప్పాడు. అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పినప్పుడల్లా కూర వడ్డిస్తూ, కొత్తగా వింటున్నట్టు నవ్వింది ఈ పిల్లే.

"నిన్న అన్నన్ని మాటలన్నాను కదే. అప్పుడైనా నోరిప్పకూడదేటి?"

"ఎలగిప్పుతాను మావా? నాకు పిల్లల్లేరని, సూరికి మళ్ళీ పెళ్ళి సెయ్యాలని మీవోల్లందరూ ఇంటి మీదకొచ్చినప్పుడు నువ్వేటన్నావు? నా కోడల్ని ఒక్క మాటన్నోడు ఈ గడప తొక్కడన్నావు. ఆ రోజు నన్ను కాసినావు. నీ కళ్ళు పోతన్నాయని నా నోటితోటి నానెలగ సెప్తాను?"

గంగ వెక్కి వెక్కి ఏడ్చింది. తవిటమ్మ ఆమెను దగ్గరకు తీసుకుంది. "నాకు సెప్పొచ్చు కదే పిచ్చిగుంటా," అంటూ తనూ ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే సర్వేశ్వరరావు వచ్చాడు. కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేటి నాయుడూ..."

సూరి ఏదో సర్దిచెప్పబోయాడు. దాలినాయుడు చెయ్యెత్తి ఆపాడు. సంత జనం వింటున్నారు. విననీ అనుకున్నాడు.

"రంగు తప్పిపోనాది బాబూ. నా కంటికి పొర కమ్మింది. పసుపుకీ తెలుపుకీ తేడా తెలవడం లేదు. కారు తీసుకెల్లిపోతానంటే నల్ల బంపర్లు ఇంకో జత తెప్పించి బిగించి ఇస్తాను. రేపటి దాకా ఆగితే మా కోడలు రంగు కలుపుద్ది, నాను కొడతాను."

"కోడలా?"

"డాక్టరు గారి కారుకి కలిపింది తనే. మెప్పు నాను తినీసినాను."

సర్వేశ్వరరావు గంగ వైపు ఎగాదిగా చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. "ఆ కారు సూసే కదా నేనొచ్చాను! కానీమ్మా. రేపు మాపటికొస్తాను. నాయుడూ, నువ్వు మాత్రం బేగి కళ్ళాసుపత్రికెల్లు."

"ఎల్తాన్లెండి. గంగే తీసుకెల్లాల. బస్సు బోర్డు కూడా సదవలేకపోతన్నాను," అని దాలినాయుడు మొదటిసారి ఒప్పుకున్నాడు.

సూరి బంపర్లు విప్పాడు. తండ్రీ కొడుకులు నెయ్యిరంగు గీకుతుంటే గంగ కొత్త డబ్బాలో పుల్ల పెట్టి తిప్పుతూ నిలబడింది. మామ ఎదుట కూర్చోకూడదని ఆ ఇంట్లో ఎవరూ నోటితో చెప్పలేదు. కానీ కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆమె ఎన్నడూ కూర్చోలేదు.

దాలినాయుడు లేచి, తాను కూర్చునే స్టూలు తెచ్చి కారు డోరు పక్కన వేశాడు. పైపంచెతో దాని మీది దుమ్ము దులిపాడు.

"కూకోమ్మా," అన్నాడు.

గంగ కంగారుపడింది. "వద్దు మావా, నిలబడతాను."

"రంగు సూసేటోల్లు కూకునే సూడాల. ఈ షెడ్డులో అదే పద్ధతి."

గంగ అత్త వైపు చూసింది. తవిటమ్మ తలూపింది. గంగ స్టూలు అంచున బెరుగ్గా కూర్చుని డబ్బాను డోరుకు ఆనించింది. దాలినాయుడు నీలం డబ్బా మూత తీసి, ఆమె పక్కనే నిలబడ్డాడు.

"ఎంతెయ్యమంటావు?" అని అడిగాడు.