మూడు అక్షరాల లోపం

కిర్గిజ్ భాష టీచర్ బుబుసారా కనిపించడం లేదని తెలిసేసరికి ఉదయం 10:05 అయింది. కిర్గిజ్‌స్తాన్‌లోని కరకోల్ బడిలో ప్రవేశ పరీక్ష మొదలై అప్పటికే గంట దాటింది.

ఆమెకు అరవై ఏడేళ్ళు. బడిలో అందరూ గౌరవంగా ‘ఎజె’, అంటే అక్కా, అని పిలుస్తారు. షుగర్ పేషెంట్.

నిన్న సాయంత్రం 4:40కి ఆమె ఫోన్ నుంచి హెడ్‌మిస్ట్రెస్ కలిమన్‌కు మెసేజ్ వచ్చింది. ‘జ్వరంగా ఉంది. చెల్లెలి ఊరు వెళ్తున్నాను. ఫోన్ చేయకండి.’

ఈ ఉదయం ఆ చెల్లెలే అక్కను చూద్దామని వచ్చింది. ఇంటికి తాళం. పక్కింటివాళ్ళ తాళంచెవితో తెరిచి చూస్తే ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉంది.

10:20కి పోలీసు కెప్టెన్ సైరకన్ వచ్చింది. నిన్న నాలుగు తర్వాత బడిలో ఉన్న ముగ్గురినీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టింది. కలిమన్, వాచ్‌మన్ షర్షెన్, కంప్యూటర్ టీచర్ తిలెక్.

“గేటు ఎన్నింటికి వేశావు తాతా?”

“నాలుగింటికమ్మా.”

“ఆవిడ బయటికెళ్ళడం చూశావా?”

“లేదు. వెనక దారిన పోయిందనుకున్నా.”

సైరకన్ కలిమన్ ఫోన్‌లో పాత మెసేజ్‌లన్నీ చదివింది. రెండేళ్ళవి.

“ముగ్గురూ మీ ఫోన్లలో ఒక్క వాక్యం రాయండి. ‘మీ మనసు ఎలా ఉంది?’ అని. కిర్గిజ్‌లో.”

“నా ఫోన్‌కి పచ్చ బటనూ ఎర్ర బటనూ తప్ప నాకేం తెలీదు తల్లీ,” అన్నాడు షర్షెన్.

కలిమన్ ఒక్క వేలితో వెతుక్కుంటూ నిమిషం తీసుకుంది. తిలెక్ రెండు బొటనవేళ్ళతో నాలుగు సెకన్లలో ముగించాడు.

సైరకన్ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టింది.

“రష్యన్‌లో లేని అక్షరాలు మనకు మూడున్నాయి. ఫోన్‌లో అవి రావాలంటే దగ్గరి రష్యన్ అక్షరం మీద వేలు నొక్కిపట్టాలి. బుబుసారా ఎజె ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా వాటిని వదల్లేదు. నిన్నటి మెసేజ్‌లో ఒక్కటీ లేదు. కలిమన్ ఎజె మూడూ పెట్టింది. నువ్వు రాసినదాంట్లో మాత్రం ఒక్కటీ లేదు, తిలెక్.”

“ఊళ్ళో కుర్రాళ్ళంతా ఇలాగే టైప్ చేస్తారు, ఎజె.”

“చేస్తారు. నిన్న సాయంత్రం ఇక్కడున్న కుర్రాడివి నువ్వొక్కడివే.”

తిలెక్ తన ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు.

“నొక్కిపట్టమని ఆవిడకు నేర్పింది నేనే,” అన్నాడు. “నెల పట్టింది నేర్చుకోడానికి.”

“ఎక్కడుంది?”

“బొగ్గు గదిలో.”

కరెంటు హీటింగు వచ్చాక, బొగ్గు దాచే ఆ నేలమాళిగకు ఎవరూ వెళ్ళడం లేదు. ఇనుప తలుపు. అందరూ మెట్ల మీద పరుగెత్తారు. పరీక్ష పేపరును ఫోన్‌లో ఫొటో తీస్తుంటే ఆవిడ చూసిందని, ఫోన్ లాక్కుని ఆ గదిలో పెట్టి తలుపు వేశానని తిలెక్ దారిలో చెప్పాడు. పరీక్ష రాస్తున్న తన చెల్లెలి కోసం ఫొటో తీశాడట. ఆ పిల్లకు చూపించడానికి మాత్రం ధైర్యం చాలలేదట.

“పరీక్ష అయ్యాక తలుపు తీద్దామనుకున్నా. ఇన్సులిన్ సంగతి నాకు తెలీదు.”

10:50కి తలుపు తెరుచుకుంది.

బుబుసారా గోడకు ఆనుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. తలుపు బాదీ బాదీ అరచేతుల చర్మం లేచిపోయింది. అంబులెన్స్‌కు ఫోన్ చేసి సైరకన్ ఆమె పక్కన కూర్చుంది. తిలెక్ గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు.

“వాడి చెల్లెలు... పైన రాస్తోందా?” అంది బుబుసారా.

“రాస్తోంది.”

“దానికి తెలుసా?”

“తెలీదు ఎజె.”

ఆమె సైరకన్ మోచెయ్యి పట్టుకుంది.

“అయితే మధ్యలో లేపకండి. రాయనివ్వండి.”

సైరకన్ బేడీలు వేస్తుంటే తిలెక్ తనే చేతులు ముందుకు చాపాడు.