వెదురుబుట్టలో వచ్చిన పిల్లి

కందమూరు రాజ్యానికి ఆ ఏడు వింత చిక్కు వచ్చిపడింది. ఒక మాంత్రికుడు రాజుగారిపై అలిగి, విత్తనాల గాదెలోకి మాయఎలుకను వదిలాడు. తొలకరికి పది రోజులే ఉంది. విత్తనాలు పోతే ఊళ్ళన్నీ పస్తులే. తనంతట తాను ఇష్టపడి ఉండే పిల్లి ఆ గాదె గడపమీద ఒక పగలంతా కూర్చుంటే మాయ వీడుతుందని ఒక ముని చెప్పాడు.

కందమూరువాళ్ళు పిల్లిని తెచ్చుకునే పద్ధతి మహా గొప్పది. కూనను గోనెసంచిలో మూటగట్టి, దారి మరిచిపోయేలా మూడుసార్లు గిర్రున తిప్పి మరీ తెస్తారు. అలా తెచ్చిన ఏడు పిల్లులూ సంచి విప్పగానే ఒకటే పరుగు!

మేదరి గవరయ్య కూతురు పైడికి ఏది చూసినా "ఎందుకు?" అని అడగనిదే తోచదు. ఇష్టపడి ఉండాల్సినదాన్ని మూటగట్టడమెందుకు అనుకుంది. వెదురుతో కిటికీలున్న బుట్ట అల్లి, పిల్లులను సాకే కొండరాక్షసిని వెతుక్కుంటూ అడవికి బయలుదేరింది.

దారిలో కొండచిలువ అడ్డుపడింది. "ఎలాంటి పిల్లి కావాలి?" అంది.

"తెలీదు. చూశాక తెలుస్తుంది."

"తెలీదన్నది నువ్వొక్కదానివే. మిగతావాళ్ళంతా తెల్లగా ఉండాలి, బలంగా ఉండాలి అన్నారు" అంటూ అది పక్కకు జరిగింది. తర్వాత పొగలు కక్కే వేడివాగు ఎదురైతే, పైడి వెదుళ్ళు నరికి పరిచి దాటింది.

రాక్షసి ముంగిట పాతిక కూనలు గంతులేస్తున్నాయి. వాటిని దాటుకుని ఒక బూడిదరంగు పెద్దపిల్లి వచ్చి, పైడి ఒళ్ళో తలపెట్టి గురగురలాడింది. పైడి మనసు కరిగిపోయింది.

"దాని జోలికి పోకే! రోగిష్టిది" అంది రాక్షసి.

"ఏం రోగం అవ్వా?"

"ఒంటిని కాయాల్సిన బలగమే ఒంటిని శత్రువనుకుని పొడుస్తోంది. నోరంతా పుండ్లు. ఎలుకను కొరకలేదు."

"ఇంకొకరికి అంటుకుంటుందా?"

"అంటుకోదు."

"తగ్గుతుందా?"

"తగ్గదు, అదుపులో ఉంటుంది. బతికినన్నాళ్ళూ రెండు పూటలా ఈ ఆకుపసరు పట్టాలి. ముగ్గురు తీసుకుపోయి మళ్ళీ తెచ్చి పడేశారు." రాక్షసి పిల్లి వీపు నిమిరింది. "నువ్వూ అంతే అయితే ఇప్పుడే వదిలేసి పో."

"ఆ మొక్క మా ఊళ్ళో బతుకుతుందా అవ్వా?" అని అడిగింది పైడి.

రాక్షసి ఆమెను కాసేపు ఎగాదిగా చూసి, మొక్కను వేళ్ళతో సహా తవ్వి ఇచ్చింది. తిరుగుదారి పొడవునా పిల్లి బుట్ట కిటికీలోంచి చెట్టూపుట్టా చూస్తూనే ఉంది. పసరు పట్టినప్పుడల్లా పైడి చేతులు గీరేసి, వెంటనే వచ్చి ఒళ్ళో చేరేది.

ఊరు చేరిన మర్నాడు తెల్లవారగానే గాదె దగ్గర జనం చేరి, పిల్లి రోగం సంగతి విని నవ్వారు. "కొరకలేని పిల్లి ఎందుకమ్మా? పైగా దారంతా చూపించి తెచ్చావా!"

పైడి బుట్ట మూత తీసింది. పిల్లి దిగి, అడవిదారిన నాలుగడుగులు వేసింది. "పట్టుకో, పట్టుకో!" అని అందరూ అరిచారు. పైడికి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా కదల్లేదు.

"వెళ్తే వెళ్ళు తల్లీ. పసరు మాత్రం తాగి వెళ్ళు" అంది.

పిల్లి ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చి, మొహం చిట్లించుకుంటూ పసరు తాగి, గడపమీద ముడుచుకుని పడుకుంది. పొద్దు వాలేసరికి మాయఎలుక కీచుమంటూ బయటికొచ్చి దుమ్ములో దుమ్మయిపోయింది. విత్తనాలు దక్కాయి.

రాజుగారు సంబరపడి, రాజ్యంలోని గాదెలన్నిటికీ పైడినే అధికారిణిని చేశారు. తాళాలగుత్తి ఇవ్వడానికి పరివారంతో తామే వచ్చారు. పైడి లేవలేదు.

"కొంచెం ఆగండి మహారాజా, ఒళ్ళో నిద్రపోతోంది" అంది గుసగుసగా.

అది నిద్రలేచేదాకా రాజుగారు అక్కడే నిలబడ్డారు.