పగడాల తొట్టికి ఇన్‌ఛార్జి

"అయ్యో... అయ్యయ్యో! ఎవరు చేశారీ పని?"

మధులత కేకకి పెందుర్తిలోని ఆ మూడు గదుల ఇల్లు ఉలిక్కిపడింది. పుట్టింట్లో పెళ్ళికని రెండు రోజులు రాజమండ్రి వెళ్ళి, అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టింది. చేతిలో పూతరేకుల పెట్టె జారి కింద పడింది. ఎదురుగా అద్దాల తొట్టిలో ఉప్పునీళ్ళు కుడితిలా తెల్లబడి ఉన్నాయి. లైటు వెయ్యగానే పువ్వుల్లా విచ్చుకునే సముద్రపు జీవాలు, పగడాలు, ముడుచుకుపోయాయి. నారింజరంగు చేపల జంటలో ఒకటి అడుగున వెల్లకిలా పడి ఉంది. రెండోది పైకి తేలి ఆయాసపడుతోంది!

పక్కన మేకుకి వేలాడే షిఫ్టు పుస్తకం లాక్కుని చూసింది. అది మామగారు త్రినాథరావుగారి ఏర్పాటు. ఉక్కు కర్మాగారంలో నీళ్ళు శుద్ధిచేసే చోట ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఏ యంత్రం తిరిగినా దానికో పుస్తకం, అందులో తన సంతకం ఉండాల్సిందే! గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "శుక్రవారం. ఫిల్టర్ విప్పి, జిగురు పట్టిన రాళ్ళు బ్లీచింగ్‌తో తెల్లగా కడగడమైనది. ఇన్‌ఛార్జి: త్రినాథరావు."

మధులత ఒళ్ళు మండిపోయింది. ఆ జిగురే కదా ఈ తొట్టికి ప్రాణం! చేపల మలినం విషం కాకుండా తినేసే సూక్ష్మజీవులు బతికేది అందులోనే కదా! ఎన్నిసార్లు చెప్పింది... గోడకి చెప్పినా ఈపాటికి అర్థమయ్యేది!

దాచి ఉంచిన ఉప్పునీళ్ళ క్యాన్లు మోసుకొచ్చి సగం నీళ్ళు మార్చేసరికి సాయంత్రమైంది. ఆ తొట్టి ఆవిడ సరదాకి పెట్టుకున్నది కాదు. ఆరేళ్ళ క్రితం అత్తగారు మంగాయమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు, "నువ్వే సూసుకోవాలమ్మా" అని మామగారు ఒక్క మాట అన్నారు. ఆటోనగర్‌లో నీళ్ళ పరీక్షల ల్యాబ్ ఉద్యోగం మర్నాడే మానేసింది. మంచానికి అతుక్కుపోయిన ఆ తల్లి కళ్ళెదుట చిన్న సముద్రం పెట్టాలని తొట్టి కట్టింది. పగడాలు విచ్చుకునే వేళ కోసమే మంగాయమ్మ తెల్లవారిందా అని అడుగుతుంది. అవీ చచ్చిపోతే ఆవిడకి చూడటానికి మిగిలేది తిరిగే ఫ్యానే!

"ఏటి, నాను సేసింది తప్పా?" త్రినాథరావు కుర్చీలో నిటారుగా కూర్చుని అన్నారు. "ఫిల్టరంటే తెల్లగుండాల. ఆ డబ్బా ఫిల్టరే పనికిమాలింది. రేపు ఆటోనగర్ ఎల్లి, ప్లాంటులో ఉన్నట్టు పెద్ద ఇసక ఫిల్టర్ సేయించేత్తాను."

"నీళ్ళ సంగతి నాన్నకి తెలుసు కదా మధూ, నువ్వూరుకో," అన్నాడు భర్త జయంత్.

అంతే! ఆరేళ్ళుగా నోరు మూసుకున్న మధులత లేచి నిలబడింది.

"ఊరుకోనండీ! ఇంకెన్నాళ్ళు ఊరుకోవాలి? నీళ్ళ సంగతి నాకు తెలియదా? అదే చదివాను, అదే ఉద్యోగం చేశాను, ఈ ఇంటి కోసం వదిలేశాను! వదిలేసి ఎలా ఉన్నావని ఒక్కరైనా అడిగారా? మావయ్యగారూ, ఆ చేపని మీరు చేతులారా చంపారు! ఇసక ఫిల్టరు మురికిని పట్టి లోపలే కుళ్ళబెడుతుంది. మనకి కావలసింది స్కిమ్మర్. నీళ్ళలోకి బుడగలు ఊది, మురికిని నురగతో పైకి తెచ్చి గిన్నెలోకి తోసేస్తుంది. కుళ్ళకముందే బయటికి పోతుంది!"

"నురగతో నీళ్ళు బాగుపడతాయా? ముప్పై నాలుగేళ్ళలో ఇనలేదు!" ఆయన గొంతూ లేచింది.

అప్పుడు మంచం మీంచి మంగాయమ్మ మాట, ముద్దముద్దగా...

"సోడవరంలో... మీ అయ్య... బెల్లం కాసినప్పుడు... తెట్టు తీసీవోడు కాదేటి?"

త్రినాథరావు కుర్చీలో వెనక్కి వాలారు. పొంగే చెరకు పాకం మీద తేలిన నల్లటి తెట్టుని తండ్రి పొడుగాటి గరిటెతో దేవి పారబోయడం ఆయన చిన్నప్పుడు రోజూ చూసిందే. తెట్టు తీయకపోతే బెల్లం నల్లబడి ఎవరూ కొనరు.

"ఆ పిల్ల మాట... ఇనండి," అంది మంగాయమ్మ. ఆవిడ కంట్లోంచి నీళ్ళు దిండు మీదికి జారాయి. "నా కోసం... ఉద్యోగం మానీసింది... మనం అడగనేదు..."

మర్నాడు దుకాణంలో కుర్రాడు, "తొట్టి ఎన్ని లీటర్లు సార్? ఏ మోడల్ ఇమ్మంటారు?" అని, పక్కనే ఉన్న మధులతని వదిలేసి త్రినాథరావుని అడిగాడు.

"నన్నేటి అడుగుతావు? అమ్మనడుగు," అన్నారాయన తల పక్కకి తిప్పుకుని. మధులత ఎంచిన స్కిమ్మర్ పెట్టెని తనే మోసుకొచ్చారు.

పదకొండో రోజు ఉదయం, స్కిమ్మర్ గిన్నె నిండా కంపుకొట్టే గోధుమరంగు నీళ్ళు చేరాయి. త్రినాథరావు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఈ గిన్ని కడగొచ్చా అమ్మా?"

"గిన్నె కడగండి. రాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి!" మధులత గొంతులో కారం తగ్గలేదు. ఒంటరి చేప ఇంకా జంట కోసం మూలమూలా వెతుకుతూనే ఉంది మరి!

"మధూ..." మంగాయమ్మ పిలిచింది. మధులత పరుగున హాల్లోకి వచ్చింది. లైటు కింద ఒక పగడం... తర్వాత ఇంకొకటి... మెల్లగా విచ్చుకుంటున్నాయి! ముసలమ్మ వంకర పెదవి నవ్వుతోంది.

తడి చేతులు తుడుచుకుని త్రినాథరావు పుస్తకంలో ఏదో రాసి, ఎవరి వంకా చూడకుండా వీధిలోకి వెళ్ళిపోయారు. మధులత తీసి చదివింది. "తెట్టు తీయడమైనది. రాళ్ళు ముట్టలేదు. సహాయకుడు: త్రినాథరావు. ఇన్‌ఛార్జి: మధులత." ఆ చివరి పేరు పక్కన సంతకానికి చోటు వదిలి ఉంది.

ఆమె తడి కళ్ళకి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆరేళ్ళ కోపం ఒక్క గీతతో పోతుందా? పోలేదు. అయినా పెన్ను అందుకుని సంతకం పెట్టింది.