తెల్లబడిన పుస్తెలు

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక టైర్ల షాపు మీద, మొదటి అంతస్తులో, దుర్గాభవాని డిటెక్టివ్ ఆఫీసు ఉంది. ఆ మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగం మందికి మొగుళ్ళ మీద అనుమానం, మిగతా సగానికి పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీ. ఆ పొద్దున వచ్చిన మనిషి ఆ రెండు రకాల్లోనూ చేరదని అసిస్టెంటు తేజేష్‌కి చూడగానే తెలిసిపోయింది. ఆమె కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, మెట్ల మీద తన వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూస్తోంది.

"లోపలికి రామ్మా. ఎవ్వరు రారు," అంది దుర్గాభవాని. "జర నీళ్ళు తాగు. తర్వాత మాట్లాడుదాం."

ఆమె గ్లాసు అందుకుంది. చెయ్యి వణికి నీళ్ళు చీర మీద ఒలికాయి. దుర్గాభవాని ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. యాభై ఏళ్ళ మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, నోరు కొంచెం కటువు. ఎవరైనా ఏడుస్తుంటే ఓదార్చడం ఆమెకు రాదు. కానీ ఆమె చూపు పడ్డ వస్తువు ఏదో ఒకటి చెప్పక తప్పదని తేజేష్ నమ్మకం.

"నా పేరు రాజశ్రీ అండి. నాచారంలో స్కూల్ టీచర్ని. మాది భీమవరం వైపు." ఆమె గొంతు తగ్గించింది. "మా అత్తగారు నా కూతురిని ఏదో చేస్తున్నారు మేడమ్. పిల్ల నాకు దక్కదేమోనని భయంగా ఉంది."

పిల్ల పేరు ఆద్య. నాలుగేళ్ళు. కొన్ని వారాలుగా పొద్దున లేచేసరికి కళ్ళ చుట్టూ వాపు. తర్వాత పాదాలు వాచాయి. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొట్టు రాలుతున్నాయి. రాత్రుళ్ళు నిద్రపోదు, ఊరికే ఏడుస్తుంది. కిడ్నీలు పాడవుతున్నాయని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఎందుకు పాడవుతున్నాయో మాత్రం డాక్టర్లకి అంతుపట్టడం లేదు. కారణం దొరక్కపోతే చెయ్యి దాటిపోతుందని పెద్ద డాక్టరు నిన్ననే చెప్పాడట.

"మరి అత్త సంగతేంది?"

"పిల్లకి రోజూ స్నానం ఆవిడే చేయిస్తారు. ఇదివరకు తలుపు తీసే ఉండేది. ఈ మధ్య గడియ పెట్టుకుంటున్నారు. లోపల సన్నగా ఏదో గొణుగుతుంటారు. నేను తలుపు కొడితే ఆపేస్తారు." రాజశ్రీ మెడలోంచి మంగళసూత్రం బయటికి తీసింది. పుస్తెలకి పసుపు దట్టంగా పట్టించి ఉంది. తడి వేలితో ఆ పసుపు తుడిచింది. "ఇవి చూడండి."

తేజేష్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. పుస్తెలు రెండూ పాలిపోయి, వెండి రంగులో ఉన్నాయి.

"మేలిమి బంగారం అండి. మా నాన్న చేయించినవి. మావాళ్ళకి తెలిసినాయన ఒకరు చూసి, ఇంట్లోవాళ్ళే చేతబడి చేశారన్నాడు. ఇంట్లో ఉన్నది మా ఆయన, నేను, పిల్ల, అత్తయ్య. ఇంకెవరు చేస్తారు చెప్పండి?"

"గాజులు, కమ్మలు గిట్ల తెల్లబడ్డయా?"

"లేదండి. అవి బాగానే ఉన్నాయి."

దుర్గాభవాని పుస్తెలని భూతద్దంతో చాలాసేపు చూసింది. "మెడకీ మొహానికీ ఏం రాస్తవు?"

ఈ మాటకి రాజశ్రీ కొంచెం నొచ్చుకుంది. "అది మంచి క్రీమే అండి. షాపుల్లో దొరికేవన్నీ కెమికల్సని మానేశాను. నాచారంలో రత్నకుమారి గారి పార్లర్ది, అంతా నేచురల్. రెండు వారాల్లోనే రంగు తేలాను. మా స్టాఫ్ రూమంతా అడిగారు."

"నడువు తేజేష్. బండి తియ్యి," అంది దుర్గాభవాని.

రాజశ్రీ భర్త నాగచైతన్య ఆసుపత్రిలో పిల్ల దగ్గర ఉన్నాడు. ఇంట్లో అత్తగారు రాజ్యం ఒక్కతే ఉంది. బక్కపల్చటి మనిషి. కొత్తవాళ్ళని చూడగానే గోడకి ఆనుకుని నిలబడింది. కోడలి మొహం వైపు చూడలేకపోతోంది. ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు ఇంతగా భయపడటం తేజేష్ ఎన్నడూ చూడలేదు.

"స్నానానికి తలుపు గడియ ఎందుకు పెద్దమ్మా?" అడిగింది దుర్గాభవాని.

"పిల్లకి గాలి తగులుతుందని అమ్మా."

"గొణుగుతరంట."

"ఏడవకుండా పాట పాడతాను. అంతే."

"నువ్వు ఏమన్న క్రీములు వాడతవా?"

"ఈ వయసులో నాకు క్రీములెందుకమ్మా?" అంటూ రాజ్యం కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది. అప్పటికే దుర్గాభవాని చూసింది. రెండు చేతులకీ ఒకే జత బంగారు గాజులు. ఎడమచేతిది పచ్చగా ఉంది. కుడిచేతిది పాలిపోయి ఉంది.

స్నానాల గదిలో గట్టు మీద సున్నిపిండి డబ్బా, పక్కన ఒక స్టీలు గిన్నె. గిన్నె అడుగున పిండి ముద్ద ఎండిపోయి ఉంది. దుర్గాభవాని దాన్ని కవర్లో చుట్టించింది. పడకగదిలో అద్దం ముందు రాజశ్రీ క్రీమ్ సీసా ఉంది. మూత కింద మూసీమూయనట్టుగా బటర్ పేపరు ముక్క. సీసా మీద 'నూటికి నూరు శాతం నేచురల్, నో కెమికల్స్' అని పెద్ద అక్షరాలు, ఒక పువ్వు బొమ్మ.

"ఈ మధ్య తొందరగా అయిపోతోందండి," అంది రాజశ్రీ. "క్వాంటిటీ తగ్గించారేమో."

దుర్గాభవాని బాల్కనీలోకి వెళ్ళి ఆసుపత్రి డాక్టరుకి ఫోన్ చేసింది. ఏం చెప్పిందో తేజేష్‌కి వినపడలేదు. తిరిగి వచ్చేటప్పటికి ఆమె మొహం కూడా పాలిపోయి ఉంది. మేడమ్ భయపడటం అతనెప్పుడూ ఎరగడు.

"సీసా, గిన్నె రెండు ఇప్పుడే ల్యాబ్‌కి పట్కపో," అంది. "చేతికి తొడుగు ఏసుకో. ఒట్టి చేత్తోని ముట్టకు. రాజశ్రీ, ఆ దిండ్లు, తువ్వాలలు ఎవ్వరు వాడొద్దు."

సాయంత్రం ఇద్దరూ రత్నకుమారి పార్లర్‌కి వెళ్ళారు. నాచారం పారిశ్రామికవాడకి వెళ్ళే దారిలో రెండు గదుల పార్లర్. గోడకి లైసెన్సు, పక్కన ల్యాబ్ టెస్టు కాగితం ఫ్రేము కట్టి ఉన్నాయి. రత్నకుమారి దాపరికం లేకుండా వెనక గది తలుపు తీసి చూపించింది. కలబంద, బాదం నూనె, తేనెమైనం. ప్రతి సీసా మీదా లోపల ఏమేం వేసిందీ, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ఎప్పటిదాకా వాడొచ్చన్నదీ అచ్చు వేసి ఉంది. మూత తీస్తే అల్యూమినియం రేకుతో గట్టిగా సీలు. దుర్గాభవాని ల్యాబ్‌కని ఒక సీసా కొంది.

"ఇది తెల్లగ చేస్తదా?" అడిగింది దుర్గాభవాని.

"చెయ్యదు మేడం. నేను గట్ల చెప్పను. చర్మం ఎండిపోకుండ చూస్తది, గంతే. కొందరు అలిగి పోతరు. పోనీ అనుకుంట."

ఇళ్ళకి సరుకు ఇచ్చి వచ్చేది ఆమె తమ్ముడు సురేష్. నవ్వు మొహం, చలాకీ మనిషి. నాచారం నుంచి ఏఎస్ రావు నగర్ దాకా కస్టమర్లందరూ అతనికి తెలుసు.

"రాసుకునేటప్పుడు జాగర్తలు ఏమన్న చెప్తవా తమ్మీ?"

"చెప్త మేడం. గాజులు, కమ్మలు, ఉంగరాలు తీసి రాసుకోమంట. అండ్ల కుంకుమపువ్వు ఉంటది గద, రంగు అంటుకుంటది."

"మంచి మాట," అంది దుర్గాభవాని. తేజేష్ ఏదో అడగబోతే అతని కాలు తొక్కింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె అందరినీ ఆ పార్లర్లోనే కూర్చోబెట్టింది. షట్టరు సగం దించి ఉంది. రత్నకుమారి, సురేష్ ఒకవైపు. రాజశ్రీ, రాజ్యం ఇంకోవైపు, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ వదిలి. ఫోన్ మోగితే చాలు, రాజశ్రీ ఉలిక్కిపడుతోంది.

"చేతబడి లేదు, గాలి లేదు," అని మొదలుపెట్టింది దుర్గాభవాని. "బంగారం మీద ఏది పడితే గట్ల తెల్లబడతదో ఎవ్వరన్న కంసాలిని అడిగినా చెప్తడు. పాదరసం."

రాజశ్రీ చెయ్యి పుస్తెల మీదికి వెళ్ళింది.

"రాజశ్రీ గాజులు, కమ్మలు మంచిగున్నయి. పుస్తెలే ఎందుకు తెల్లబడ్డయి? క్రీమ్ రాసుకునేటప్పుడు సురేష్ చెప్పినట్టు అన్నీ తీసి పక్కకు పెట్టింది. పుస్తెలు మాత్రం తియ్యలేదు. ఏ ఆడమనిషి తీస్తది? ఈ పిలగాడు అన్ని నగలు లెక్కపెట్టిండు గని దాన్ని మర్చిపోయిండు."

"కుంకుమపువ్వు..." అన్నాడు సురేష్.

"కుంకుమపువ్వు అంటుకుంటే పచ్చగ అయితది. తెల్లగ ఎట్ల అయితది? బంగారానికి దూరం పెట్టాలని తెలిసినోనికి అండ్ల ఏమున్నదో కూడా తెలుసు. ఇంకొకటి. మీ అక్క సీసాకు అల్యూమినియం రేకు. నువ్వు ఇచ్చిన సీసాకు బటర్ పేపర్. పాదరసం తగిలితే ఆ రేకు తూట్లు పడతది. అందుకే పీకేసినవు. సీసా మీద లైసెన్సు నంబర్ లేదు, బ్యాచి లేదు, లోపల ఏమున్నదో రాసి లేదు. నేచురల్ అన్న మాట ఒక్కటే ఉన్నది. గా మాట ఎవడైనా రాస్కోవచ్చు. ల్యాబోళ్ళు పొద్దున ఫోన్ చేసిన్రు. మీ అక్క క్రీమ్‌ల ఏం లేదు. నువ్వు ఇచ్చినదాంట్ల పాదరసం మస్తుగ ఉన్నది. రాజశ్రీ పిల్ల దవాఖానల ఉన్నది."

రత్నకుమారి లేచి తమ్ముడి ముందుకు వెళ్ళింది. కొడుతుందేమో అనుకున్నాడు తేజేష్. ఆమె కొట్టలేదు. "నా పేరు మీద అమ్మినవారా?" అంది మెల్లగా.

"అందరూ అదే అడుగుతరక్కా," అన్నాడు సురేష్ తల దించుకుని. "నీది రాస్తే తెల్లగ కారు. వారంల రంగు రావాలంటరు. కొంచెమే కలిపిన. పిల్లలకు గిట్ల పెట్టుమని నేను చెప్పలే."

"చెప్పలే," అంది దుర్గాభవాని. "కెమికల్స్ లేవని రాసినవు. అది చదివి ఒకామె నమ్మింది." ఆమె రాజ్యం వైపు తిరిగింది. "పెద్దమ్మా, కుడిచెయ్యి చూపియ్యి."

రాజ్యం చెయ్యి చాపింది. తెల్లబడ్డ గాజు బయటపడింది.

"ఏ చేత్తోని రుద్దుతమో ఆ చేతి గాజే తెల్లబడ్డది. క్రీమ్ తొందరగ ఎందుకు అయిపోతున్నదో గిన్నెల ముద్ద చెప్పింది. సున్నిపిండిల కలిపి పిల్ల ఒంటికి పెట్టినవు. అవునా?"

"అవునమ్మా." ఆ గొంతు వినపడీ వినపడనట్టు ఉంది. "పెళ్ళికి వెళ్తే అక్కడెవరో, ఈ పిల్ల ఇంత నలుపేంటి, ఎవరి పోలిక అన్నారు. పిల్ల వింది. ఇంటికొచ్చి, నానమ్మా, నాక్కూడా అమ్మ క్రీమ్ రాయవా అంది. పిల్ల రంగు మాటెత్తొద్దని కోడలు ఎప్పుడో చెప్పింది. అందుకే గడియ పెట్టుకున్నాను. మందులేవీ లేనిదే కదా, పసిపిల్లకి ఏమవుతుందిలే అనుకున్నాను. నా చేతులతో నేనే..."

రాజశ్రీ విసురుగా లేచింది. కళ్ళు ఎర్రబడ్డాయి. "నా కూతుర్ని చంపబోయారు మీరు."

"కూసో," అంది దుర్గాభవాని. "ఆ క్రీమ్ ఇంట్లకు తెచ్చిందెవరు? రోజూ పిల్ల ముందట అద్దంల చూసుకుంట రాసుకున్నదెవరు? పిల్ల రంగు బాగనే ఉన్నదని నోటితోని చెప్పినవు. అద్దం ముందట ఇంకొకటి నేర్పినవు. ఆ పిల్ల చూసిందే నమ్మింది. నీ చెయ్యి వణుకుడు కూడా దానితోనే. నువ్వు కూడా టెస్టు చేయించుకో."

రాజశ్రీ కూర్చుండిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది. నాగచైతన్య. ఆమె చెవి దగ్గర పెట్టుకుని వింది.

"పిల్ల మూత్రంలో పాదరసం ఉందట," అంది చివరికి. "మీరు నిన్న చెప్పబట్టే వెతికారట మేడమ్. ఒంట్లోంచి దాన్ని లాగే మందు మొదలుపెట్టారు. టైముకే దొరికింది, కిడ్నీలు కోలుకుంటాయనే అంటున్నారు." అని మొహం చేతుల్లో దాచుకుంది.

దుర్గాభవాని ముందే కబురు పెట్టడంతో షట్టరు బయట ఆగి ఉన్న పోలీసులు సురేష్‌ని తీసుకెళ్ళారు. అతను సీసాలిచ్చిన ఇళ్ళన్నిటికీ రత్నకుమారి ఆ సాయంత్రమే ఫోన్లు మొదలుపెట్టింది. వాడొద్దని చెబుతూ, చెప్పిన ప్రతిసారీ ఏడుస్తూ.

"పుస్తెలు మెరుగు పెట్టించుకోవాలా మేడమ్?" వెళ్ళబోతూ అడిగింది రాజశ్రీ.

"కంసాలి దగ్గర కాల్పించకు. ఆ పొగ ఇంకా చెడ్డది. కాల్చినోని ప్రాణం తీస్తది. మెడల నుంచి తీసి సీసాల పెట్టి మూత బిగియ్యి. ఎట్ల చెయ్యాల్నో ల్యాబోళ్ళను అడుగుదాం."

రాజశ్రీ మెడ మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడింది. తర్వాత అక్కడే, అందరి ముందూ తీసింది.

వారం తర్వాత తేజేష్ పళ్ళు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. ఆద్య మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళ వాపు చాలావరకు తగ్గింది. రాజ్యం గది బయట బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదని, రోజూ వచ్చి ఇక్కడే కూర్చుంటోందని నర్సు చెప్పింది.

"నానమ్మా, నా మొహం కడుగు," అని లోపలి నుంచి పిల్ల పిలిచింది.

రాజ్యం కదల్లేదు. రాజశ్రీ తలుపు దాకా వచ్చింది. మెడలో పసుపుతాడు, పసుపుకొమ్ము. అత్తగారి చేతుల వైపు చూసింది. రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. రాజశ్రీ నీళ్ళ మగ్గు ఆమె ముందు పెట్టింది.

"ఒట్టి నీళ్ళతో కడగండి అత్తయ్యా," అంది. "తలుపు తీసే ఉంచండి."