నూలుమేక నాలుక

"పశువుల డాక్టరును చంపింది గడ్డి తినే జంతువు," అన్నాడు చీఫ్, ఫైలు బల్ల మీదికి విసిరేస్తూ. "నవ్వావంటే సస్పెండ్ చేస్తా."

ఏజెంట్ నవ్వలేదు. ఫొటోలో కుందేలంత జంతువు, ఒళ్లంతా నూలుపోగుల్లాంటి బొచ్చు. పేరు నూలుమేక. శత్రుదేశపు కొండల్లో తప్ప ఎక్కడా దొరకదు. గడ్డి తిన్నంతకాలం దానంత సాధువు లేదు. చేదుతీగ మేసిందా, నాలుగు రోజుల్లో దాని ఎంగిలి విషమైపోతుంది. పైగా ఉప్పు కోసం వెర్రెత్తి, చెమట పట్టిన చెయ్యి కనిపిస్తే నాకకుండా వదలదు. నాకించుకున్నవాడు గంటలో పోతాడు.

"ఒప్పందం రోజున వాళ్ల రాయబారి దీన్ని మన విదేశాంగ మంత్రికి కానుకగా ఇస్తాడు. రుజువు లేకుండా వద్దంటే ఒప్పందం గోవింద." చీఫ్ గొంతు తగ్గించాడు. "మంత్రి నీకేమవుతుందో మనిద్దరికే తెలుసు. అందుకే వేరేవాణ్ణి పంపాలనుకున్నా."

"మా అక్క సంగతి నాకొదిలేయండి సార్."

మర్నాటి నుంచి అతను రాయబారి బంగళాలో పశువుల కొట్టం ఊడ్చే మనిషి. మాసిన చొక్కా, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, గుండీలో కెమెరా, జేబులో పెన్నులా కనిపించే ట్రాన్స్‌మిటర్. అక్కడ అతన్ని ఎవరూ పేరడగలేదు, ఒరేయ్ అంటే సరిపోయేది. మేత మాత్రం చనిపోయిన డాక్టరు స్థానంలో వచ్చిన కొత్త డాక్టరమ్మే స్వయంగా పెట్టేది. కళ్లు తిప్పుకోలేనంత అందగత్తె. రాయబారి జీతం తింటూ మన డిపార్ట్‌మెంటుకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"వాన వచ్చేలా ఉందా?" అన్నాడతను.

"గొడుగు ఇంట్లో మరిచాను," అని కోడ్ పూర్తిచేసి ఆమె నవ్వింది. "తీగ బదులు పాలకూర పెడుతున్నా. మీ చీఫ్‌ను హాయిగా ఉండమను. ఏదీ, నీ పెన్ను ఒకసారి ఇలా ఇవ్వు, చార్టు రాసుకోవాలి."

ఒప్పందం రోజు పొద్దున్నే అతను ఊడవడానికి వెళ్లేసరికి బోను ఖాళీ. కానుకను అప్పుడే ఒప్పందం జరిగే హాలుకు తీసుకెళ్లిపోయారు. బోనులో వేలాడే ఉప్పుగడ్డ మీద అతని చూపు ఆగింది. నెలకు ఒకటి సరిపోవాలి. నాలుగు రోజుల కిందట తన చేత్తో కట్టిన కొత్త గడ్డ ఇప్పుడు బొటనవేలంత మిగిలింది.

పాలకూరట, దాని మొహం. పెన్ను ట్రాన్స్‌మిటర్ నొక్కాడు, పలకలేదు. విప్పి చూస్తే లోపల బ్యాటరీ లేదు, చార్టు రాసే వంకతో ఆమె తీసేసింది. మిగిలిన ఉప్పుగడ్డ తెంపుకుని పరిగెత్తాడు.

హాల్లో కెమెరాల ముందు అక్క అప్పటికే నూలుమేకను ఎత్తుకుంది. నలుగురిలో నిలబడితే ఆమెకు చిన్నప్పటినుంచీ అరచేతులు చెమర్చేవి. దాని ముక్కు అదిరింది. నాలుక మణికట్టుకు బెత్తెడు దూరంలో ఉండగా తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి మధ్యలోకి దూరి ఉప్పుగడ్డ అందించింది. జంతువు అటు దూకింది.

"ఎవడ్రా వీడు? ఇది మా దేశానికి అవమానం," అన్నాడు రాయబారి.

ఏజెంట్ అతని పక్కనున్న డాక్టరమ్మకు జంతువును అందించబోయాడు. "పాలకూర తిన్న పిల్లే కదమ్మా. ఒక్కసారి చెయ్యి నాకించుకోండి, వెళ్లిపోతా."

ఆమె కెమెరాలన్నీ చూస్తుండగా రెండడుగులు వెనక్కి వేసింది. గోడ తగిలింది. రాయబారి మొహంలో నెత్తుటిచుక్క లేదు. గార్డులు ఆ ఇద్దరినీ చుట్టుముట్టారు.

అక్క చేతులు చీరకొంగుకు తుడుచుకుని తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"నా చేతిలో ఏదుంటే అది లాక్కునే బుద్ధి నీకింకా పోలేదురా."