తడి రాయి మీద సంతకం

"మేడమ్... ఆగండి!"

ఆగితే కదా!

ఆమె తోపుడు బండ్ల మధ్యలోంచి దూసుకుపోతోంది. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. రెండోదాన్ని తనే విదిలించి పారేసింది. భుజాన వేలాడుతున్న హ్యాండ్‌బ్యాగు అడుగడుక్కీ డొక్కలో పొడుస్తోంది.

వెనక బైక్. దాని మీద ఇద్దరు. మొహాలు కనపడకుండా హెల్మెట్లు.

చీకటి పడి ఎంతోసేపు కాలేదు. బజారు కిటకిటలాడుతోంది. ఇంతమందిలో ఆమె మొహం తెలిసిన మనిషి ఒక్కడు లేడు.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అరుస్తాడు పళ్ళబండివాడు.

బ్యాగులో నగల్లేవు. డబ్బూ లేదు.

రాయి ఉంది!

కొత్త ఫ్లైఓవర్ తొమ్మిదో పిల్లర్‌కి డ్రిల్లు పెట్టి తీసిన కాంక్రీటు ముక్క. రోకలి తుంటలా గుండ్రంగా ఉంటుంది. ఇలాంటి ముక్కని ల్యాబ్‌లో మిషన్ కింద నలిపి చూస్తే, పిల్లర్ ఎంత బరువు మోస్తుందో తేలుతుంది.

దీనికి మిషన్ కూడా దండగ. గోటితో గీకితే రాలుతోంది.

రేపు పొద్దున ఆ ఫ్లైఓవర్ మీదికి బస్సులు ఎక్కుతాయి. నిండా మనుషులతో. వాళ్ళని ఆపాలంటే ఈ రాయి ఈ రాత్రికే విజిలెన్స్ ఆఫీసర్ చేతిలో పడాలి.

ఆమె కార్పొరేషన్‌లో క్వాలిటీ ఇంజనీరు. డ్రిల్లు పెట్టి తీసిన ప్రతి రాయి మీదా ఆమె అక్కడికక్కడే సంతకం పెట్టాలి. తొమ్మిదో పిల్లర్‌దంటూ 'పాసైన' రాయిని మధ్యాహ్నం ల్యాబ్‌లో చూసింది. దాని మీద ఎర్ర పెయింటుతో తన సంతకం. ముత్యాల్లాంటి అక్షరాలు!

అక్కడే అనుమానం వచ్చింది.

డ్రిల్లు నీళ్ళతో నడుస్తుంది. రాయి బయటికొచ్చేసరికి నీళ్ళు కారుతూ ఉంటుంది. ఆరేదాకా ఆగే ఓపిక ఆమెకి ఏనాడూ లేదు. తడి మీదే బరికేస్తుంది. రంగు పాకిపోయి, సంతకం జలుబు చేసిన పిల్లాడి మూతిలా తయారవుతుంది. అసలు రాయి మార్చేసి, ఏసీ గదిలో కూర్చుని పొడి రాయి మీద సంతకం దించిన దొంగకి ఈ సంగతి ఏం తెలుసు!

అసలు రాయి ఎక్కడ దొరికిందంటే... ల్యాబ్ వెనక తలుపు గాలికి కొట్టుకోకుండా వాచ్‌మన్ అడ్డం పెట్టుకున్నాడు!

హారన్. బైక్ దగ్గరికొచ్చేసింది.

ఆమె చటుక్కున పక్క సందులోకి తిరుగుతుంది. కుట్టుమిషన్ల చప్పుడు. బైక్ పట్టదు. ఒకడు దిగి పరిగెత్తుకొస్తున్నాడు.

బ్యాగు పట్టీ దొరకబుచ్చుకున్నాడు!

"మేడమ్, ఒక్క మాట... మీ..."

ఆమె బ్యాగుని గిర్రున తిప్పి కొడుతుంది. రాయి వెళ్ళి మోకాలి చిప్పకి తగులుతుంది.

"అమ్మో!"

వాడు కూలబడతాడు. ఆమె వెనక్కి చూడదు.

సందు చివర ప్రింటింగ్ ప్రెస్. మెట్ల కింద చీకటి. అందులోకి దూరి, మోకాళ్ళ మీద బ్యాగు పెట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. 

ఫోన్ వణుకుతుంది. స్క్రీన్ మీద 'తమ్ముడు'.

మళ్ళీనా! సాయంత్రం నుంచి ఇదే గొడవ. కట్ చేస్తుంది.

అమ్మ పోయాక తనే అన్నం పెట్టి, జడుపు జ్వరాలకి తనే మేలుకుని పెంచిన తమ్ముడు. ఇప్పుడు అదే ఫ్లైఓవర్ కాంట్రాక్టరు దగ్గర సైట్ మేనేజరు. తను తనిఖీ చేసే కాంట్రాక్టరు దగ్గర వాడు ఉద్యోగంలో చేరిన రోజే చెప్పేసింది... "నాకు తమ్ముడు లేడు" అని. మాటంటే మాటే. అప్పటినుంచి ఇంట్లో వండేది ఒక మనిషికి, మాట్లాడేది టీవీతో.

తను రేపు కనిపించకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆఫీసులో వేలిముద్ర మిషన్‌కి తెలుస్తుంది. అది కూడా ఏడవదు, ఆబ్సెంట్ వేస్తుంది.

కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఏడ్చే టైమా ఇది!

విజిలెన్స్ ఆఫీసర్‌కి రింగ్ చేస్తుంది. పోలీసు శాఖ నుంచి కార్పొరేషన్‌కి వచ్చిన మనిషి. రాయి దొరికిందని మధ్యాహ్నం చెప్పింది ఆయనొక్కడికే.

"నా వెంట పడుతున్నారు సార్!"

"కంగారు పడకండి మేడమ్. తొమ్మిదో పిల్లర్ దగ్గరికి వచ్చెయ్యండి. మీ రాయి విరిగిన అంచు, లోపల పిల్లర్ విరిగిన అంచు కలిశాయంటే ఇంకే ల్యాబూ అక్కర్లేదు. ఓపెనింగ్ రాత్రికే ఆపిస్తాను."

"వస్తున్నా సార్."

"ఇంకెవరికైనా చెప్పారా?"

"చెప్పుకోవడానికి నాకెవరున్నారు సార్!"

నోరు జారింది. బయటి మనిషి ముందు ఇంత మాట ఎందుకన్నానా అని సిగ్గుపడుతూ, ఫోన్ బ్యాగులో పడేసి లేస్తుంది.

ఫ్లైఓవర్ చుట్టూ రేకుల అడ్డుగోడ. దాని అవతలే బస్టాపు. ఇంటికి పోయే జనం, హారన్లు, చంటిపిల్లల ఏడుపులు. ఇవతల పిల్లర్లు, చీకటి.

టార్చి వెలుగుతుంది.

ఆఫీసర్ ఒక్కడే ఉన్నాడు. పిల్లర్‌కి కట్టిన స్వాగతం ఫ్లెక్సీని పక్కకి జరుపుతాడు. దాని వెనక రంధ్రం! పూడ్చే తీరిక లేక ఫ్లెక్సీతో కప్పేశారు.

"ఇవ్వండి."

రాయి లోపలికి తోస్తాడు.

టక్!

అతుక్కున్నట్టు కూర్చుంది. ఆమెకి నవ్వొస్తుంది. ఇంతసేపటికి ఊపిరి తిన్నగా ఆడుతుంది. "చూశారా సార్! చూశారా!"

ఆయన రాయి బయటికి తియ్యడు. వంగుతాడు. కింద ఇనుప తట్టలో తడి సిమెంటు మాలు... చేత్తో తీసి రంధ్రం మీద మెత్తుతాడు.

"సార్... ఏం చేస్తున్నారు?"

"పూడుస్తున్నా. రేపు పెద్దవాళ్ళు వస్తారు. గుంత కనపడితే బాగుండదు కదా?"

ఆమె ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

"ఆ బైక్ వాళ్ళని... మీరే పంపారా?"

"ఏ బైక్?"

ఆయనకి నిజంగానే తెలీదు! మరి వాళ్ళెవరు?

ఆలోచన తెగలేదు. ఆయన చేతిలోకి పిస్తోలు వచ్చింది.

"ఒంటరి ఆడమనిషి. పని ఒత్తిడి. ఓపెనింగ్ ముందు రోజు సైట్లోనే కాల్చుకుంది. పేపర్లకి ఇంతకంటే ఏం కావాలి మేడమ్?"

"నేను... నేను చెప్పాను!"

"ఎవరికి?"

"మా తమ్ముడికి!"

ఆయన నవ్వుతాడు. "మీ ఇద్దరికీ మాటల్లేవని సైట్లో కూలీలక్కూడా తెలుసు."

"అక్క నాకు చెప్పింది."

చీకట్లోంచి!

తమ్ముడు. రొప్పుతున్నాడు. వెనకాల ఒకడు మోకాలు పట్టుకుని కుంటుతున్నాడు.

ఆఫీసర్ కళ్ళు చిన్నవవుతాయి. "ఎప్పుడు చెప్పింది?"

"రాయి దొరికిన నిమిషమే. నాకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకుంటుంది సార్ మా అక్క?"

అబద్ధం! పచ్చి అబద్ధం! ఇంత తియ్యటి అబద్ధం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"ఫోనెత్తితే నీ సొమ్మేం పోయిందక్కా?" తమ్ముడు ఆమె వైపు తిరుగుతాడు. "నీకు అడ్డం పడమని వీళ్ళని పంపింది నేనే. నువ్వు రాయి పట్టుకెళ్ళావని వాచ్‌మన్ చెప్పాడు. ఇక్కడ మాలు కలిపి పెట్టమని ఈయన నాకే పురమాయించాడు. నాకర్థం కాదా?"

"అయితే ఇద్దరు," అంటాడు ఆఫీసర్.

పిస్తోలు తమ్ముడి వైపు తిరుగుతుంది.

ఆమె ఆ చేతి మీదికి దూకుతుంది.

ఢాం!

తమ్ముడు పిల్లర్‌కి కొట్టుకుని జారిపోతాడు. భుజం దగ్గర చొక్కా ఎర్రగా తడుస్తోంది.

బస్టాపు ఒక్కసారిగా మూగబోతుంది.

మరుక్షణం అడుగులు! పదులు... వందలు... రేకులు ఢమఢమా కూలుతున్నాయి. జనం! ఫోన్ల లైట్లు! ఆ వెలుగులో ఆఫీసర్... ఒక చేతిలో పిస్తోలు, ఇంకో చెయ్యి మణికట్టు దాకా తడి సిమెంటు. ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు. కుంటుతున్నవాడు వెనకనుంచి కరుచుకుని పడేస్తాడు. పిస్తోలు దొర్లిపోతుంది.

"అంబులెన్స్‌కి చెయ్యండయ్యా!" ఎవరో అరుస్తారు. "ఈయనెవరమ్మా? మీకేమవుతాడు?"

"మా తమ్ముడు."

వాడి తల ఒళ్ళోకి లాక్కుని, కొంగు ఉండచుట్టి గాయం మీద అదిమిపెడుతుంది.  వాడు మాత్రం చొట్టబుగ్గలతో నవ్వుతున్నాడు, వెధవ!

"అక్కా..."

"మాట్లాడకురా!"

"నేను కాదు... నువ్వు మాట్లాడు." ఊపిరి బిగబట్టి అడుగుతాడు. "నాకు సగమే తెలుసు. అసలేం జరిగిందో... మొదట్నించీ చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెడుతుంది.

ఫోన్లు పట్టుకున్న జనం వినపడక ఇంకా దగ్గరికి జరుగుతారు.